చావు పోస్టర్ల ట్వుమాసి కొత్త విద్య

మా కుమాసీలో మనిషి బతికున్నన్నాళ్లూ వాడి మొహం ఎవరికీ పట్టదు. పోయాడా, కరెంటు స్తంభాల మీదా, మంగలికొట్టు తలుపు మీదా, బస్సు వెనకాలా అంతటా వాడే. ఆ మొహాలన్నీ అచ్చు వేసేవాడు ట్వుమాసి. అసాఫో పేటలో మా ఇంటి ఎదురుగానే వాడి కొట్టు. చిన్నప్పుడు నా దగ్గర చదువుకున్నాడు గనక "వాడు" అంటున్నాను. లేకపోతే బట్టతల, బొజ్జ, పెళ్లీడుకొచ్చిన కూతురూ ఉన్న పెద్దమనిషే.

చావు పోస్టరు వేయడమంటే ఆషామాషీ కాదండోయ్. మధ్యలో పోయినవాళ్ల బొమ్మ, చుట్టూ నలుపూ ఎరుపూ అంచు, కింద బతికున్నవాళ్ల పేర్లు. కుటుంబపెద్ద, భార్య, పిల్లలు, మనవలు, మేనల్లుళ్లు, అందరూ వరసలో ఉండాలి. ఒక మేనత్త ఒక్క మెట్టు కిందికి జారిందంటే శనివారంనాడు అంత్యక్రియల్లో ఏడుపు ఆగి తగువు మొదలవుతుంది.

"ఖాళీ కనపడకూడదు టీచరమ్మా. ఖాళీ ఉందంటే ఎవరినో వదిలేశారని అర్థం" అనేవాడు.

అలాంటివాడికి గిరాకీ పడిపోయింది. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఫోన్లో ఊరికే పోస్టరు చేసిపెట్టే మేనల్లుడొకడు తయారయ్యాడు. ట్వుమాసి పెళ్లాం ఊరుకుంటుందా?

"పోయేవాళ్లు పోతూనే ఉన్నారు. నీ దగ్గరికే ఎవరూ రావట్లేదు" అంది.

పక్కనున్న సిమెంటు వ్యాపారి కొట్టు తనకిచ్చెయ్యమని రోజూ వచ్చి కూర్చునేవాడు. అప్పుడు ట్వుమాసి ఫోన్లో యాప్‌లకి తెరలు గీసే విద్య నేర్చుకోవడానికి సాయంత్రం క్లాసులో చేరాడు. అక్కడ చెప్పేది మిస్ డెడే అని, అక్రా నుంచి వచ్చిన అమ్మాయి. వాడి పెద్దకూతురి ఈడు. ఆ అమ్మాయి వీణ్ణి అంకుల్ అంటుంది, వీడు ఆ అమ్మాయిని మేడమ్ అంటాడు.

మొదటిరోజు యాప్ తెరవగానే కనపడే పేజీ గీయమంది.

"అంకుల్, చుట్టూ ఈ నల్ల అంచు ఎందుకు?"

"హుందాగా ఉంటుందని మేడమ్."

"మరి పైన 'తీవ్ర విచారంతో' అని ఉందేంటి?"

"అది... చెయ్యి అలవాటు మేడమ్."

తర్వాత ఖాళీ వదలడం నేర్పబోయింది. "బటన్ చుట్టూ జాగా ఉండాలి అంకుల్. పేజీకి ఊపిరాడాలి కదా."

"మేడమ్, ఇన్నేళ్లుగా నా పేజీలో ఊపిరాడినవాళ్లు ఒక్కళ్లూ లేరు" అన్నాడు దిగులుగా.

ఆపైన లింకులు. ఏ బటన్ నొక్కితే ఏ తెర రావాలో బాణం గీసి కలపాలి. వీడు బాణాలు గీసీ గీసీ సాలెగూడు చేసిపెట్టాడు. ఏది నొక్కినా చివరికి "ధన్యవాదాలు" అనే తెరకే చేరుతుంది, అక్కణ్ణించి కదలదు.

"ఏంటంకుల్, మీ దగ్గరికొచ్చినవాళ్లు వెనక్కి వెళ్లరా?"

"ఇప్పటిదాకా ఎవరూ వెళ్లలేదు మేడమ్."

క్లాసంతా బల్లలు గుద్ది మరీ నవ్విందట. వాడే వచ్చి నాకు చెప్పాడు, చెబుతూ వాడూ నవ్వాడు. అయినా మానలేదండీ. ఖాళీ వదలడం నేర్చుకున్నాడు, వెనక్కి దారి పెట్టడం నేర్చుకున్నాడు. నేను మొక్కజొన్న కెంకే ముద్ద తింటూ అరుగు మీద కూర్చుంటే ఫోను తెచ్చి చూపించేవాడు.

"దీన్ని నమూనా అంటారు టీచరమ్మా. ఇది నిజంగా ఏ పనీ చెయ్యదు. చేసినట్టు కనిపిస్తుంది, అంతే. చూసినవాళ్లకి నచ్చితే అప్పుడు అసలుది కట్టిస్తారు."

చదువు పూర్తవ్వాలంటే నిజం మనుషులకి నమూనా చేసి చూపించాలి. మిస్ డెడే వాకబు చేస్తే బజార్లో పెండలందుంపలు అమ్మే ఆడవాళ్ల సంఘం దొరికింది. ఉత్తరాది నుంచి లారీ రాగానే ఎవరికెన్ని దుంపలు అన్నదాని మీద వాళ్లకి రోజూ జుట్లు పట్టుకునేంత గొడవ. ముందే ఫోన్లో చెప్పుకుంటే ఆ బాధ ఉండదు. సంఘం సరేనంటే యాప్ పని మిస్ డెడేకీ ట్వుమాసికీ కలిపి ఇస్తారు. కాదంటే కొట్టు తాళంచెవి సిమెంటు వ్యాపారికి. ఆ మాట వాడు పెళ్లానికి ఇచ్చేశాడు.

ఆ సంఘానికి పెద్దగా ఒక రాణి ఉంది, నానా బోహెమా. రాణుల్నీ పెద్దవాళ్లనీ మేము నానా అనే పిలుస్తాం. ఆవిడ ముందు తిన్నగా నోరు విప్పడం మర్యాద కాదని ట్వుమాసి తన తరఫున మాట్లాడ్డానికి మిస్ డెడేతోపాటు నన్నూ వెంటబెట్టుకెళ్లాడు. దుంపల గుట్టల మధ్య బల్ల వేసి కూర్చోబెట్టారు. మంచినీళ్లిచ్చారు. తాగాక, ఏ పని మీద వచ్చారని అడిగారు. నాకు మాట్లాడే అవకాశం రావాలే గానీ! లారీల పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెట్టాను. మిస్ డెడే నా చీలమండ మీద మెల్లగా తన్నింది. అప్పుడు ఫోను రాణి చేతిలో పెట్టాం.

తెర మీద సంఘం సభ్యుల వరస. అరచేతంత ఒక్కో మొహం, కింద పేరు, ఎన్ని దుంపలు కావాలో, పక్కనే పచ్చచుక్క. ఆ చుక్క ఉంటే మనిషి ఇప్పుడు ఫోన్ దగ్గరే ఉన్నట్టు.

రాణి ఫోనుని దూరం పెట్టి చూసింది. దగ్గర పెట్టి చూసింది.

"ఒరే ట్వుమాసీ, ఎవర్రా ఈవిడ?"

"గ్లాడిస్, నానా. ఊరికే పెట్టిన పేరు."

"పేరు తగలెయ్యి. మొహం ఎవరిదంటున్నా."

అది రాణి చెల్లెలు కొనాడుది. ఈస్టరుకి ముందే పాతిపెట్టాం. ఇప్పుడు పచ్చచుక్కతో నిక్షేపంగా ఉండి, సగం లారీ దుంపలు అడుగుతోంది.

ఆడవాళ్లందరూ ఫోను మీదికి ఎగబడ్డారు.

"అయ్యో, మా ఆయన! బతికుండగా ఒక్క దుంప మొయ్యలేదు, ఇప్పుడు బేరం చేస్తున్నాడా?"

"ఇదుగో మా అత్త! పచ్చచుక్క వెలుగుతోందే! అమ్మో, నేను ఇంటికి పోతున్నా!"

మిస్ డెడే తల పట్టుకుంది. "అంకుల్! ఏమిటిది?"

"ఏవో నాలుగు మొహాలు పెట్టమన్నారు కదా మేడమ్. నా మిషన్లో ఉన్నవాళ్లంతా ఇలాంటివాళ్లే. పేర్లు మార్చాను కదా!"

రాణి ఎవరి మాటా వినట్లేదు. చెల్లెలి మొహం మీద వేలితో నొక్కింది. మళ్లీ నొక్కింది.

"పలకదేంరా?"

"దానికి లింకు ఇవ్వలేదు నానా. కింద నీలం బటన్ ఒక్కటే పనిచేస్తుంది."

"బతికున్నప్పుడూ అంతే ఇది" అంది రాణి. "ఎన్నిసార్లు పిలిచినా పలికేది కాదు."

ట్వుమాసి బట్టతల మీద చెమట చుక్కలు లేచాయి. అప్పుడు రాణి భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాం. కాదు, నవ్వుతోంది! ఆవిడ నవ్వడం చూసి బజారు బజారంతా దుంపల మీద పడి దొర్లింది. ఇంటికి పోతానన్నావిడ అందరికంటే గట్టిగా నవ్వింది.

నవ్వు అయ్యాక తీర్పు. పడుకున్నవాళ్లని లేపి బేరాలు చేయించినందుకు, వాళ్లకి నేల మీద ధార పొయ్యడానికి ఒక సీసా ష్నాప్స్ సారా, పైన ఒక గొర్రె జరిమానా. ట్వుమాసి నా చెవిలో గొణిగాడు.

"నానా, గొర్రె బదులు కోడి ఇచ్చుకుంటానంటున్నాడు" అన్నాను.

"ఎంతమందిని లేపాడో చూశావా టీచరూ? కోడి ఏ మూలకి?"

గొర్రె ఖాయమైపోయింది. యాప్ సంగతి ఇంకేం అడుగుతాంలే అనుకున్నాను. ఫోను తీసుకుని లేవబోయాం.

"ఎక్కడికి? కూర్చోండి" అంది రాణి. "మా వాళ్లు ఒక్కళ్లయినా కింద పేరు చదివారా? ఎవరెవరో ఒక్క చూపుకే పోల్చుకున్నారు. లారీ వచ్చినప్పుడు మాకు ఇలాంటిదే కావాలి. కట్టండి. చచ్చినవాళ్లని దింపి మమ్మల్ని ఎక్కించండి."

ట్వుమాసి అక్కడే కూలబడ్డాడు. మిస్ డెడే లేపి ఫోను చేతిలో పెట్టింది, ఫోటోలు తియ్యమని. ఆడవాళ్లు తలగుడ్డలు సర్దుకుని వరస కట్టారు. ముందు రాణి కూర్చుంది.

"కదలకండి నానా. గంభీరంగా ఉండండి" అన్నాడు.

"గంభీరమేంట్రా? నన్ను కూడా పాతిపెడతావా? నవ్వమని చెప్పు!"

ఇన్నేళ్లలో వాడు ఎవరినీ నవ్వమని అడిగి ఉండడు. చివరికి తనే పళ్లికిలించి చూపించాడు. అది చూసి రాణికి నిజంగానే నవ్వొచ్చింది. టక్కున తీసేశాడు.

"ఇంకోటి" అంది రాణి. "నా ఫోన్ ఆగిపోయినా సరే, నా పక్కన ఆ పచ్చచుక్క మాత్రం ఆరకూడదు."

"అలా కుదరదు నానా" అంది మిస్ డెడే. "చుక్క ఎందుకుందంటే..."

"కుదురుతుంది నానా" అన్నాడు ట్వుమాసి. మేడమ్ మాటకి వాడు ఎదురు చెప్పడం అదే మొదలు.