గ్రాఫీన్ పొరకు ఇస్త్రీ

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో నేను గెలవను. మధ్యలో ఒకచోట గెలిచినట్టు కనిపిస్తాను, నమ్మకండి. అప్పుడు నేను నమ్మి, ఇంటిల్లిపాదినీ నమ్మించి, ఆ అలసట ఇప్పటికీ తీరక, పెనుకొండలో పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకుంటూ బతుకుతున్నాను.

అప్పుడు హిందూపురంలో ఎమ్మెస్సీ ఆఖరి ఏడు. మాది ధర్మవరం, మగ్గాలున్న ఇల్లు. ప్రాజెక్టు గట్టెక్కితే డిగ్రీ, లేదంటే మగ్గం గుంతలో కాళ్లు.

"ఈసారి పాస్ కాకపోతే చదివింది చాలప్పా, వచ్చి మగ్గంలో కూచో" అన్నాడు నాయన.

మగ్గమంటే నాకు చిన్నచూపేమీ లేదు. కూర్చుంటే నడుం నొప్పి, అంతే. నాది పుట్టుకతోనే అలిసిపోయిన ఒళ్లు.

ప్రాజెక్టు గ్రాఫీన్ ఆక్సైడ్ పొరల మీద. భయపడకండి, చాలా తేలిక. పెన్సిల్ ముల్లులో ఉండే నల్లసరుకుకు ఆక్సిజన్ బాగా పట్టించి నీళ్లలో కలిపితే టీ డికాక్షన్ లాంటి ద్రావణం వస్తుంది. గాజు పలక మీద పోసి ఆరబెడితే పల్చటి గోధుమరంగు పొర. అందులో కరెంటు పారదు. మెల్లగా కాక ఎక్కిస్తే లోపలి నీళ్లూ ఆక్సిజనూ బయటికి పోయి, పొర నల్లబడి, కరెంటు పారుతుంది. కథంతా ఆ "మెల్లగా" అన్న మాటలోనే ఉంది. నాకు రానిదీ అదే.

మా గైడు సారుది పరిగి. ఓపికగల మనిషి.

"ఏమప్పా, కాక నిదానంగా ఎక్కించల్ల. దబదబా ఎక్కిస్తే లోపలి ఆవిరి తన్నుకోని పొర పగిలిపోతాది."

"అట్లే సార్" అనేవాణ్ణి. ఆయన అటు తిరగ్గానే ఓవెన్ బటన్ చివరికంటా తిప్పేవాణ్ణి. నిదానమే ప్రధానం అంటారు గానీ, హాస్టల్ మెస్సు మూసేస్తే ఏది ప్రధానమో మీరే చెప్పండి! లోపల టప్‌మనేది. తలుపు తీస్తే ఓవెన్ నిండా నల్లటి నుసి.

"పొర యాడుండాదప్పా?"

"ఉండాది సార్. అన్ని పక్కలా ఉండాది."

ఇలా పేల్చి పేల్చి ద్రావణం సీసా అడుక్కి వచ్చింది. సోమవారం వైవా. శనివారం సారు తల పట్టుకుని, "గాజు నున్నగా ఉండాది, దానికి పట్టు లేదు. పట్టుండేదాని మీద పోసి చూడప్పా, పగలకుండా నిలుస్తాదేమో" అన్నారు.

నేను ధర్మవరంవాణ్ణండీ. మా ఊళ్లో పట్టు అంటే ఒకటే పట్టు. సీసా, ల్యాబు మల్టీమీటరు సంచిలో వేసుకుని సాయంత్రం ప్యాసింజరెక్కి ఇంటికి పోయాను.

"మా, పట్టుగుడ్డ ముక్క ఒకటియ్యి."

"ఏంటికిరా?"

"పరీక్షకు."

అమ్మ పాత చీర ఒకటి తీసి కత్తెర పట్టుకుంది. "శుభమా అని పరీక్షకు పోతా బోడిగుడ్డ ఎందుకురా? అంచుండే ముక్క తీసుకో" అని, వెడల్పాటి జరీ అంచుతో సహా కత్తిరించి ఇచ్చింది. మంగళకరమైన ముక్క. నా కొంప ముంచిందీ అదే.

ఉన్న ద్రావణమంతా దాని మీద పోసి ఆరబెట్టాను. ఇంట్లో ఓవెన్ ఎక్కడిది? ఇస్త్రీపెట్టె ఉంది. పైన తువ్వాలు పరిచి, బటన్ చివరికంటా తిప్పి, నా అలవాటు నాది, బలంగా రుద్దాను.

"మాడిన వాసనొస్తాందిరా!" అని వంటింట్లోంచి అమ్మ.

"అది సైన్సు వాసన మా!"

తువ్వాలు తీస్తే ముక్క నల్లగా నిగనిగలాడుతోంది. మల్టీమీటరు తెచ్చి దాని రెండు ముళ్లూ అంచు మీద ఆనించాను. కుయ్‌య్! కరెంటు పారితే అది అలా కూస్తుంది. ముక్క కొంచెం, కూత ఘనం.

నాయన మగ్గం దిగి వచ్చాడు. తన చేత్తో ముళ్లు ఆనించి చూశాడు. కుయ్! మళ్లీ చూశాడు. కుయ్! ఆయన మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. వీధిలోకి పోయి, "రాండప్పా, మావోడు పట్టుగుడ్డలో కరెంటు పారించినాడు!" అని కేకేశాడు. వీధంతా వచ్చి ఆ కూత విని పోయింది. ఆ రెండు రోజులూ నేను అడిగింది ఇంట్లో ఎవరూ లేదనలేదు.

సోమవారం వైవా. సారు ముక్కను రెండు వేళ్లతో పైకెత్తి చూశారు.

"ఇదేందప్పా?"

"మీరే కదా సార్, పట్టు అన్నారు?"

"నేను చెప్పింది పట్టబ్బా... పట్టు!" అని ఆయన గాలిని పిడికిలితో పట్టి చూపించారు. అప్పుడర్థమైంది. కానీ మీటరు కూస్తోంది కదా, ఇద్దరం ఊరుకున్నాం.

పరీక్షించడానికి బయటినుంచి ఒక మేడమ్ వచ్చారు. పొద్దున్నుంచి మాలాంటివాళ్లను విని విని డస్సిపోయి ఉన్నారు. నేను ముళ్లు అంచు మీద ఆనించాను. కుయ్.

"బాగుండాది. కాకపెట్టకముందు ఎంత పారింది?"

"పారదు మేడమ్. పుస్తకంలో ఉండాది."

"నువ్వు పెట్టి చూసినావా?"

నేను ఫ్యాన్ వైపు చూశాను. మేడమ్ ముళ్లు తీసుకుని నల్లబడిన పట్టు మీద, అంచుకు దూరంగా పెట్టారు. మీటరు మూగది. ఒక్క నిట్టూర్పు విడిచి, తమ కొంగు ముందుకు లాక్కుని, దాని జరీ అంచు మీద ఆనించారు.

కుయ్‌య్!

"నాది కూడా మీ ఊరి చీరేనప్పా. దీనికి గ్రాఫీన్ ఎవరు పూసినారు?"

అయ్యా, జరీ అంటే దారానికి చుట్టిన వెండి. పాత జరీచీరలు కొంటామని వీధుల్లో అరిచేవాళ్లు ఆ వెండి కోసమే తిరుగుతారు. మా ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. ఆ రెండు రోజులు తప్ప! వీధంతా విన్న కూత వెండిది, నేను మెరిపించిన నలుపు మాడిన పట్టుది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట ఎక్కువ గెలిస్తే ఇట్లాగే అవుతుంది.

"ఆర్నెల్ల తర్వాత మళ్లీ రాప్పా" అన్నారు మేడమ్.

బయటికొచ్చి నాయనకు ఫోన్ చేసి, దాచకుండా అంతా చెప్పాను. ఏడుపొచ్చింది కూడా. ఆయన మగ్గం ఆపి అంతా విన్నాడు.

"అంటే ఏమప్పా," అన్నాడు చివరికి, "కరెంటు పాసయింది, నువ్వు కాలేదు. అంతేనా?"

"అంతే నాయనా."

"సరే, రా. మగ్గం ఖాళీగానే ఉండాది."

ఆర్నెల్లు మగ్గంలో కూర్చుని, నడుం పట్టేసి, మళ్లీ పోయి, గాజు మీదే, ఓవెన్ ముందు కుర్చీ వేసుకుని కాక కొంచెం కొంచెంగా ఎక్కించి పాసయ్యాను. అందులో నవ్వేదేమీ లేదు, వదిలేద్దాం.

పాసైన నాడే సూర్యుడి సాక్షిగా, చేతిలో మల్టీమీటరు పట్టుకుని ప్రమాణం చేశాను: ఈ జన్మలో మళ్లీ దేన్నీ దబదబా కాకపెట్టను. ఇంట్లో పొద్దున పాలు కాచే పనికి నేను ఒప్పుకోనిది అందుకే. మా ఆవిడ దీన్ని సోమరితనం అంటుంది. ప్రమాణమంటే ఏమిటో తెలియని మనిషి, ఏం చేస్తాం.