చెప్పినవా బిడ్డా?

లింగంపల్లి వెళ్లే ఎంఎంటీఎస్ రైల్లో, హైటెక్ సిటీ దగ్గర ఒక ఇంగ్లండ్ పెద్దాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. నవలలు రాశాడట, రేడియో నాటకాలు రాశాడట, ఇప్పుడు సినిమాలు తీస్తున్నాడట. ఈ వయసులోనూ తనకు ఒక్క పని మీద కుదురు లేదని నవ్వాడు. నా ఇంగ్లీషు బాగుందన్నాడు. నేను పొంగిపోయాను.

ఎదుటి సీట్లో ఒకామె, ఏదో ఆఫీసు హౌస్‌కీపింగ్ యూనిఫాంలో, కిటికీకి తల ఆనించి ఉంది. ఆయన చిన్న కెమెరా తీసి ఆమె వైపు తిప్పాడు. ఆమె నాతో అంది:

“నా మొఖం తియ్యొద్దని జర చెప్పు బిడ్డా. ఈ పని చేస్తున్ననని మా ఇంట్ల తెల్వదు.”

ఆమె ఏమందని ఆయన ఆత్రంగా అడిగాడు. ఆయన ముఖంలో ఆ సంతోషం పోగొట్టబుద్ధి కాలేదు. పర్లేదు, తీసుకోమంటోందని చెప్పాను.

“చెప్పినవా బిడ్డా?” అని ఆమె అడిగింది. తలూపాను. ఆమె నిశ్చింతగా మళ్లీ కిటికీకి తల ఆనించింది.

చందానగర్‌లో దిగేముందు ఆయన నా పేరు స్పెల్లింగ్ అడిగి రాసుకున్నాడు.

మొన్న ఆ సినిమా ఫోన్‌లో చూశాను. తెర నిండా ఆమె ముఖమే. తియ్యొద్దన్న మాట స్పష్టంగా వినపడుతోంది. కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో మాత్రం నేను చెప్పిందే ఉంది. చివర్లో కృతజ్ఞతల దగ్గర నా పేరు వేశాడు, ఒక్క అక్షరం తప్పు పోకుండా.