మడిచిన మూలలు

"...మూడొందల పేజీలు చదివినా ఒక్కణ్ణీ కరవలేదే! వీడేం తోడేలు మనిషి?" అంటూ చిన్నమ్మాయి పుస్తకాన్ని బల్ల మీద పడేసింది.

"అది ప్రేమకథే, మొద్దూ. నీకేం అర్థమవుతుంది?" అంది పెద్దమ్మాయి.

"ప్రేమా? ఆ హీరోయిన్ ఎవరితో మాట్లాడొచ్చిందో వాసన చూసి చెప్తాడు. చెయ్యి కమిలేలా పట్టుకుని, ఆనక సారీ అంటాడు. తోడేలుగా మారాల్సిన పౌర్ణమి రాత్రి మాత్రం బుద్ధిగా గదిలో కూర్చుంటాడు. వాడికంటే మన వీధి కుక్క నయం!"

తల్లి నవ్వి పుస్తకం అందుకుంది. లైబ్రరీల్లో చిరిగిన పుస్తకాలు కుట్టి అట్టలు వేయడం ముప్పై ఏళ్లుగా ఆమె పని. కుట్టే ముందు, చదివినవాళ్లు మడిచిన మూలలన్నీ వేలితో సాపు చేస్తుంది. ఎవరి మనసు ఎక్కడ ఆగిందో ఆ మూలలే చెప్తాయని ఆమె నమ్మకం. ఈ పుస్తకంలో మూలలకు రెండేసి మడతలున్నాయి. అలా మడిచేది పెద్దమ్మాయి ఒక్కతే.

ముద్దుల పేజీల్లో ఒక్క మడతా లేదు. వాసన చూసిన చోట ఉంది. చెయ్యి కమిలిన పేజీని ఎన్నిసార్లు మడిచిందో, మూల ఊడి చేతిలోకి వచ్చింది.

ఇంత ఉక్కపోతలోనూ పెద్దమ్మాయి వారం రోజులుగా పొడుగు చేతుల బట్టలే వేసుకుంటోంది. వచ్చే నెలలో పెళ్లి. కింద కాబోయే అల్లుడి బండి హారన్ మోగింది. పెద్దమ్మాయి ఉలిక్కిపడి లేచింది.

తల్లి సూదిని దారపు ఉండకు గుచ్చింది.

"నువ్వు కూర్చోమ్మా. ఈ పెళ్లి జరగదని నేను కిందికెళ్లి చెప్పొస్తాను."