అండాలు నూకల చీటీ

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపుల వెనక సందులో అండాలు అనే ఆమె చీరల అంచులు కుట్టే పీకో మిషన్ ఉండేది. పేరుకు షాపే గాని, నిజానికి అది రెండు షట్టర్ల మధ్య మిగిలిపోయిన జాగా. మిషను, స్టూలు, దారపు రీళ్ళు గుచ్చిన మేకుల చెక్క, గోడకు వేలాడే ఫాల్స్ కట్టలు ఇవన్నీ సర్దుకున్నాక ఏమైనా చోటు మిగిలితే అందులో అండాలు సర్దుకునేది.

ఆమె నవ్వితే సందు చివర కిష్టమ్మ మిర్చీ బజ్జీల బండి దాకా వినిపించేది. కానీ నవ్వేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ముందు పళ్ళలో ఒకటి లేదు. పెళ్ళయిన కొత్తలో బోరింగు కొడుతుంటే పిడి ఎగిరి తగిలి ఊడిపోయింది. ఎదుటి మనుషులకైతే కొంగు అడ్డం పెట్టొచ్చు, కెమెరాకు ఏం అడ్డం పెడతాం? అందుకని ఫొటో అనేసరికి పెదాలు కుట్టేసుకునేది. ఆధార్ కార్డులో, కూతురి పెళ్ళి ఆల్బంలో, బోనాల నాడు తీసిన ఫొటోల్లో ఎక్కడ చూసినా ఒకటే మొహం, ఎవరో అప్పుడే తిట్టి పోయినట్టు.

"నీ ఫొటో చూస్తే నేనే ఏదో తప్పు చేసిన అనిపిస్తది" అనేవాడు బాలరాజ్. ఆమె భర్త. ఎల్‌బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా షేర్ ఆటో నడిపేవాడు. పొద్దున మొదటి ట్రిప్పులో భార్యను సందు మొదట్లో దింపి, మిగతా ప్యాసింజర్లు వినేట్టు, "గీ మేడం పైసలియ్యదు, మస్తు పలుకుబడి ఉంది" అని పోయేవాడు.

పలుకుబడి ఉన్నమాట నిజమే. అది పీకో వల్ల వచ్చింది కాదు, చీటీ వల్ల వచ్చింది. సందులో పనిచేసే ఆడవాళ్ళందరికీ అండాలు చీటీ అంటే ఇంట్లో బీరువాలో దాచుకున్నంత ధీమా. కరోనా రోజుల్లో షట్టర్లన్నీ పడిపోయినప్పుడు కూడా ఆమె ఎవరి చీటీ ఆపలేదు. ఏమీ లేనిదానికి ఆ ఒక్క మాటే ఆస్తి. ఆ ఆస్తి మీదికి ఒకసారి గండం వచ్చింది, అదీ ఫోన్లో పండ్లు పేల్చే ఆట వల్ల.

ఆ ఆటను తెచ్చింది పక్క జిరాక్స్ షాపు పద్మలత. గిరాకీ లేని మధ్యాహ్నం అండాలు ఫోన్లో ఏదో ఆడుకుంటుంటే చూసి, "అక్కా, ఊకెనే ఆడే బదులు గిది ఆడరాదూ, పైసలొస్తయి" అంది.

"ఆడితే పైసలా? పేకాటనా ఏంది? మా ఆయనకు తెలిస్తే ఆటో ఎక్కనియ్యడు."

"పేకాట గాదక్కా. మనం పెట్టేది ఒక్క పైస లేదు. మధ్య మధ్యల ప్రకటనలొస్తయి, గవి చూసినందుకు వాళ్ళకొచ్చే దాంట్ల మనకింత. కాకపోతే బిట్‌కాయిన్ల ఇస్తరు."

"గదేంది?"

"బంగారం లెక్క అనుకో. కానీ చేతికి దొరకది, కంటికి కనవడది. ఒకదాన్ని పది కోట్ల ముక్కలు చేస్తే అండ్ల ఒక్క ముక్కను సతోషీ అంటరు. గసుంటివి మనకు రోజు కొన్ని పడ్తయి."

అండాలు కాసేపు ఆలోచించింది. "పది కోట్ల ముక్కలా! అంటే నూకలన్నట్టు."

అంతే, ఆ పేరే నిలిచిపోయింది. మూడు పండ్లు ఒక వరసలో చేరితే టప్పుమని పేలేవి, మూలనున్న అంకె ఒక ఇసుమంత జరిగేది. అండాలుకు ఆ చప్పుడంటేనే ఇష్టం. ఆటోలో ఆడేది, చీరకూ చీరకూ మధ్య ఆడేది, టీ చల్లారేదాకా ఆడేది. "ఇయ్యాల నూకలు మంచిగ రాలినయి" అని సందంతా చాటేది.

"సంధ్యవేళ నూకలేంటే, ఆ మాటేంటే!" అని మందలించేది శేషారత్నం. ఆ షట్టర్ల మీది మేడ ఆవిడదే. ఎప్పుడో తెనాలి నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. సాయంత్రమయ్యేసరికి ఇస్త్రీ చీర కట్టుకుని కిందికి దిగి, అండాలు మిషన్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం ఆవిడ అలవాటు. "నూకలు చెల్లిపోయాయని ఎవర్ని గురించి అంటారో తెలుసా నీకు?"

"చెల్లేదాక తింటనే ఉండాలె గదా అక్కా" అని కొంగు వెనక నవ్వేది అండాలు.

శేషారత్నం అంటే అండాలుకు గౌరవం, కొంచెం అసూయ కూడా. ఆవిడ పలువరస అలాంటిది. డెబ్బై దాటినా మల్లెమొగ్గలు పేర్చినట్టు ఉండేది. కిష్టమ్మ బజ్జీ పంపిస్తే కొరికేది కాదు, వేళ్ళతో చిన్నచిన్న ముక్కలు తుంచి నోట్లో వేసుకునేది. అదంతా గొప్పింటి మర్యాద అనుకునేది అండాలు. తనూ అలా తినాలని రెండు మూడుసార్లు ప్రయత్నించి, ఆకలికి ఆగలేక మానుకుంది.

నెల తిరిగేసరికి సందులో ఆడవాళ్ళందరి ఫోన్లలోనూ పండ్లు పేలుతున్నాయి. అయితే ఒక చిక్కు వచ్చింది. నూకలు ఇంత కుప్ప అయితేగాని ఆటవాళ్ళు బయటికి ఇవ్వరు. ఒక్కొక్కరి కుప్ప చూస్తే ఏడాది ఆడినా ఆ గీత దాటేట్టు లేదు.

"ఒక్కదానితోని కానిది అందరం కలిస్తే ఎందుకు కాదు?" అంది అండాలు. "ఆడుకునే దోస్తులకు నూకలు పంపుకోవచ్చంటివి గదా పద్మా? నెలకోపారి అందరం ఒకరికి పంపుదాం. చీటీ ఏద్దాం."

కిష్టమ్మ బజ్జీల గరిటె పట్టుకునే వచ్చింది. "కనవడని పైసలకు చీటీ ఏందే?"

"నీ బజ్జీల మిరపకాయ కనవడ్తదా వదినె? తిన్నంకనే గదా తెలుస్తది!"

అండాలుతో కలిపి ఏడుగురు చేరారు. శేషారత్నం మాత్రం "నాకెందుకమ్మా ఈ పిల్లచేష్టలు" అంది. అని, ఆ సాయంత్రమే కళ్ళజోడు సర్దుకుంటూ కిష్టమ్మ ఫోన్లో "ఆ నారింజ, ఆ పక్కది, అయ్యో దాన్ని కాదు!" అని సలహాలు చెప్పింది. మొదటి చీటీ నడిపేవాళ్ళది. ఆ పద్ధతి అందరికీ తెలిసిందే. కాబట్టి మొదటి కుప్ప అండాలుకు రావాలి. ఆటలోకి చేరేటప్పుడు పేరు అడుగుతుంది కదా, చీటీ అన్నాక సభ్యులకు నంబర్లుండటం మామూలేనని పద్మలత అందరివీ కొత్తగా రాసి పెట్టింది, అండాలు చీటీ ఒకటి, అండాలు చీటీ రెండు, అలా ఏడు దాకా.

శుక్రవారం సాయంత్రం అందరూ మిషన్ చుట్టూ చేరారు. పద్మలత "ఊఁ" అనగానే అందరూ ఒక్కసారే నొక్కారు. అండాలు ఫోన్లో అంకె గబగబా పెరిగింది. చప్పట్లు కొట్టారు. అంతలోనే తెర మీద ఎర్ర డబ్బా ఒకటి వచ్చి, అంకె బూడిదరంగుకు తిరిగింది.

పద్మలత ఒకసారి చదివి, మళ్ళీ మొదట్నుంచి చదివింది.

"ఏమంటుండ్రే?"

"తాళమేసిండ్రక్కా. ఏడు పేర్లూ ఒక్క తీర్గనే ఉన్నయట. ఏడూ ఒక్క జాగలనే ఉన్నయట, ఆరు ఒక్కపారే పంపినయట. గిది మనుషులు చేసిన పని గాదు, వెనక ఏదో మిషన్ ఉన్నదని అనుమానమట."

"నేను మిషన్‌నా?" అండాలు లేచి నిలబడింది. "పొద్దుగాల్నుంచి తొక్కి కాళ్ళు గుంజుతున్నయి. మిషన్‌కు కాళ్ళు గుంజుతయా అని రాయి పద్మా!"

అందరూ నవ్వారు, కిష్టమ్మతో సహా. కానీ నవ్వు ఆగాక ఎవరి ఫోన్లో వాళ్ళు ఖాళీ అయిన అంకె చూసుకున్నారు. ఆ చూపు అండాలుకు కొత్త. ఆమె చీటీలో ఇన్నేళ్ళలో మొదటిసారి, అందరి చేతుల్లోంచి పోయినది ఆమె చేతికి రాలేదు.

"పోతే ఏముందే, నూకలే గదా" అంది కిష్టమ్మ, ఊరడింపుగానే.

ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది. "నూకలైతే ఏంది? అండాలు చీటీ మునిగిందంటరు గని నూకల చీటీ మునిగిందంటరా ఎవరన్నా? ఎవరివి వాళ్ళకు నా చేతిలకెల్లి ఇస్తా."

"నీ పైసలు ఎవ్వలికి గావాలె? మేం పేల్చిన పండ్లు మాగ్గావాలె" అంది కిష్టమ్మ. మిగతావాళ్ళూ అదే అన్నారు. డబ్బు కాదు వాళ్ళకు ముఖ్యం, బస్సుల్లో, మెట్రోలో, పొయ్యి దగ్గర తాము ఆడిన ఆట.

ఒక దారి ఉందని పద్మలత చెప్పింది. మనిషేనని రుజువు చూపాలి. ఫోన్ ముందు కూర్చుంటే అది చెప్పినట్టు చెయ్యాలి. మూడుసార్లే అవకాశం. మూడూ తప్పితే తాళం మళ్ళీ తెరవరు.

మర్నాడు మధ్యాహ్నం వెలుగు బాగున్నప్పుడు మొదలుపెట్టారు. అండాలు మొహం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, స్టూలు మీద కూర్చుంది. ఫోను ఆమె తల అటూ ఇటూ తిప్పించింది. ఈలోపు ఏమవుతుందోనని అందరూ ఆమె భుజాల మీదుగా తొంగి చూశారు. ఒక్కరే ఉండాలని చెప్పి ఫోను ఆపేసింది. ఒకటి పోయింది.

రెండోసారి అందరినీ అవతలికి తరిమారు. తల తిప్పింది, కళ్ళు ఆర్పింది. తర్వాత తెర మీద నవ్వే బొమ్మ వచ్చింది.

"నవ్వాలక్కా" అంది పద్మలత.

అండాలు పెదాలు మూసుకుని, బుగ్గలు రెండూ పక్కకు లాగింది. ఫోను ఒప్పుకోలేదు.

"ఇంకొంచెం, పండ్లు కనవడేటట్టు."

చెయ్యి దానంతటదే కొంగు కోసం వెళ్ళింది. కొంగు నోటికి చేరీ చేరకముందే రెండో అవకాశమూ పోయింది.

"గది తప్ప ఏం జెయ్యుమన్నా జేస్త" అంది అండాలు. "రోజంతా నవ్వేదాన్ని, గిప్పుడు గీ డబ్బా అడిగితే వస్తలేదు. ఫొటోల గీ ఓటి నోరు ఉండిపోతది."

కుర్చీలో కూర్చున్న శేషారత్నం ఆమెను కాసేపు చూసింది. తర్వాత, "పద్మా, మొదలుపెట్టు" అంది. కుర్చీ జరుపుకుని సరిగ్గా ఫోన్ వెనక, అండాలుకు ఎదురుగా కూర్చుంది.

తల తిప్పడం అయింది. కళ్ళు ఆర్పడం అయింది. నవ్వే బొమ్మ వచ్చింది. అండాలు పెదాలు బిగుసుకున్నాయి.

శేషారత్నం ఇస్త్రీ కొంగు మడత చెదరకుండా చెయ్యెత్తి, నోట్లో వేలు పెట్టి, కట్టుడు పళ్ళు పై వరసంతా ఊడబెరికి చేతిలో పట్టుకుంది.

"ఒక్కదానికే ఇంత గోలా?" అంది బోసినోటితో. మాట గాలిలా వచ్చింది. "నాకు అసలు ఒక్కటి లేదు, చూసుకో!"

అండాలు కళ్ళు ఇంతింతయ్యాయి. ఆ మల్లెమొగ్గలు, ఆ తుంచుకు తిన్న బజ్జీలు, ఆ మర్యాద, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందు తిరిగినట్టున్నాయి. నవ్వు పొట్టలోంచి లేచింది. కొంగు గుర్తు రాలేదు, కెమెరా గుర్తు రాలేదు. నోరంతా తెరిచి, తల వెనక్కి వేసి, కళ్ళలోంచి నీళ్ళు కారేదాకా నవ్వింది. బజ్జీ బండి దగ్గర నిలబడ్డ గిరాకీలు తిరిగి చూశారు. ఫోన్లో పచ్చ గుర్తు ఎప్పుడు పడిందో ఎవరూ చూడలేదు.

"మనిషివేనటక్కా!" అని పద్మలత అరిచేదాకా.

మొదటి చీటీ అండాలుదే. ఆ నూకలు రూపాయలుగా మారి వచ్చినప్పుడు చూస్తే, అందరికీ కడుపునిండా బజ్జీలు, టీ. అంతకంటే ఏమీ కాదు, అంతకంటే తక్కువా కాదు. తన బజ్జీలకు పైసలు తీసుకోనని కిష్టమ్మ, తీసుకోకపోతే చీటీలోంచి తీసేస్తానని అండాలు అరగంట కొట్లాడుకున్నారు. శేషారత్నం ఆ రోజు బజ్జీని తుంచలేదు. పళ్ళు తీసి కొంగులో పెట్టుకుని, మిరపకాయను చప్పరించి, "ఇన్నాళ్ళూ ఎంత నష్టపోయానే!" అంది. వచ్చే నెల నుంచి ఎనిమిదో నంబరు తనదేనంది.

ఆ రోజు అండాలు స్టూలు మీద నవ్వుతున్నప్పుడు పద్మలత పక్కనుంచి తన ఫోన్లో ఒక ఫొటో తీసింది. దాన్ని పెద్దగా వేయించి, ఫ్రేమ్ కట్టించి, రీళ్ళ చెక్క పైన తగిలించారు. ఒక మూల శేషారత్నం చెయ్యి, చేతిలో పళ్ళు కూడా పడ్డాయి. ఆవిడ పట్టుబట్టి ఆ ముక్క కత్తిరించమంది. కత్తిరించారు గాని రెండు వేళ్ళు మిగిలిపోయాయి.

బాలరాజ్ వచ్చి దగ్గరికెళ్ళి చూశాడు, వెనక్కి జరిగి చూశాడు. చివరికి "గీమె ఎవరు? మస్తుంది" అన్నాడు. అండాలు ఫాల్స్ కట్ట తీసి కొట్టింది. ఆ తర్వాత ఎవరు ఫొటో తీస్తానన్నా ఆమె కొంగు వెతుక్కోలేదు.

కొన్నేళ్ళకు అండాలు ఫొటోకు దండ వేయాల్సిన రోజు వచ్చినప్పుడు ఇంకో ఫొటో కోసం ఎవరూ వెతకలేదు. ఎల్‌బీ నగర్ ఇంట్లో, వాకిట్లోకి రాగానే కనిపించేట్టు, షాపులోంచి తెచ్చిన ఆ నోరంతా తెరిచిన నవ్వే ఉంది. చూసినవాళ్ళు ముందు నవ్వుతారు, తర్వాతే మిగతావి గుర్తొస్తాయి. బాలరాజ్ దండ మార్చిన ప్రతిసారీ, ఆ మూలనున్న రెండు వేళ్ళు పూల కింద పడిపోకుండా కొంచెం పక్కకు జరిపి వేస్తాడు.