మొలతాడుకు కట్టిన పెన్ను

దుబాయ్‌లో ఉన్నన్నాళ్ళూ నేను ఎక్కువగా తిట్టుకున్నది ఎండను కాదు, చలిని. ఈ మాట అంటే మా ఊళ్ళో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. ఎనభైల మొదట్లో మా ఆయన జెబెల్ అలీలో ఒక కోల్డ్ స్టోరులో చెకర్‌గా చేసేవాడు. బయట కాళ్ళు బొబ్బలెక్కే ఎండ. పెద్ద ఇనుప తలుపు దాటి లోపలికి పోతే ముక్కులో వెంట్రుకలు కూడా బిరుసెక్కే చలి. గడ్డకట్టిన కోళ్ళు, చేపలు అట్టపెట్టెల్లో కప్పుదాకా పేర్చి ఉండేవట. ఓడలోంచి వచ్చిన ప్రతి వరుసనూ లెక్కపెట్టి అక్కడికక్కడే కార్డుమీద రాయడం ఆయన పని.

రాయాలంటే పెన్ను కావాలి కదా. మా తిప్పలన్నీ అక్కడే మొదలు. లోపలికి పోయిన కాసేపటికే ఇంకు గడ్డకట్టేది. బాల్ పెన్ను అయితే రెండు గీతలు గీసి మొండికేసేది. పెన్సిల్‌తో రాస్తే చెరిపి మళ్ళీ రాయొచ్చని ముదీర్ ఒప్పుకునేవాడు కాదు. అక్కడ మేనేజరును ముదీర్ అనేవారు. అంతకుముందున్నాయన ఎట్లా రాసినా సరేననేవాడు. కొత్తగా వచ్చిన ఈజిప్టు పెద్దమనిషి మాత్రం ప్రతి కార్డునూ వెలుతురుకు ఎత్తి చూసేవాడు. సగం అంకె ఉండి సగం గీరి ఉన్న కార్డులు చూసి మా ఆయనతో ఒకే మాట అన్నాడు. వచ్చే ఓడకు కూడా ఇట్లాగే ఉంటే చెకర్ పనిలో ఇంకొకణ్ణి పెడతాను, నువ్వు మళ్ళీ లోడింగులోకి పో, అని.

లోడింగు ఆయనకు కొత్తేమీ కాదు, వచ్చినప్పుడు చేసిన పనే. కానీ ఆ కంపెనీలో లోడింగువాళ్ళకు భార్యను తెచ్చుకునే వీసా లేదు. చెకర్‌కు ఉంది. అంటే పెన్ను రాయకపోతే దుబాయ్ పక్కనే షార్జా రోలాలో ఉన్న మా అద్దెగది ఖలాస్. ఆయన కూలీల క్యాంపుకు, నేను విమానమెక్కి మా ఊరికి. పెళ్ళయిన కొత్తలోనే నన్ను వదిలి వచ్చిన మనిషి దగ్గరికి ఏళ్ళు గడిచాక వచ్చాను. వచ్చి ఏడాది కూడా కాలేదు. ఇప్పుడు ఒక పెన్ను పొమ్మంటే పోవాలా? నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆయనకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. "పోతే పోనియ్యే. లోడింగుల ఓవర్‌టైం వస్తది" అన్నాడు. ఎప్పుడూ అంతే. ఒక్క ప్రేమ మాట అంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయన్నట్టుండే మనిషి.

"నువ్వు ఊకో. పెన్ను సంగతి నేను జూస్త" అన్నాను.

మొదట చంకలో పెట్టుకోమన్నాను. మనిషి ఒంట్లో అంతకన్నా వెచ్చని చోటు లేదని నా లెక్క. ఆయనకు కితకితలు ఎక్కువన్న సంగతి మరిచిపోయాను. కంపెనీ వ్యాను నడిపే నెల్లూరు సాయిబుల అబ్బాయి ఒకడుండేవాడు. మా ఆయనను అన్నా అనీ, నన్ను వదినా అనీ పిలిచేవాడు. మర్నాడు సాయంత్రం మెట్ల దగ్గరే నవ్వుతూ చెప్పాడు.

"వదినా, ఈ పొద్దు అన్న కోళ్ళను చూసి ఒకటే నవ్వుతా ఉండాడు. పిచ్చిగానీ పట్టిందేమోనని అందరూ బయపడినారు."

అంతటితో అయిందా? చలికి ఒళ్ళు మొద్దుబారి, పెన్ను తన దగ్గరే ఉన్న సంగతి మరిచి స్టోరంతా వెతికాడట. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడం ఉత్త సామెతే అనుకున్నాను అన్నాళ్ళూ.

తరవాత బనియన్‌కు లోపలివైపు జేబు కుట్టాను. పెన్ను వెచ్చగా ఉంది, బాగానే రాసింది. కానీ చలిలోంచి ఎండలోకి రాగానే ఇంకు కక్కేసేది. శివుడికి గొంతు ఒక్కటే నీలం, ఈయనకు బొడ్డుదాకా నీలం. ఆ బనియన్లు ఉతికి ఉతికి నా గోళ్ళకు కూడా రంగు పట్టింది. ఉతుకుతూ ఆలోచిస్తే తట్టింది. పొదుపు చేద్దామని పెన్నులో సగమే ఇంకు పోసి పంపుతున్నాను. మిగిలిన సగంలో ఉన్న గాలి వేడికి పొంగి ఇంకును బయటికి తోస్తోంది. నిండా పోసి, పాళీ పైకి ఉండేలా నిలబెడితే చుక్క కారలేదు. అయితే జేబులో అది నిలబడితేనా? ఆయన కింది వరుస పెట్టెలకోసం వంగితే చాలు, పెన్ను అడ్డం తిరిగేది.

అప్పుడు మొలతాడు గుర్తుకొచ్చింది. మగపిల్లాడు పుట్టగానే నడుముకు కడతారు, మా వైపు మగవాళ్ళకు ముసలితనందాకా అది ఉంటుంది. ఈయన క్యాంపులో ఉన్నప్పుడు బాత్రూముల దగ్గర ఎవరో నవ్వారని తెంపి పారేశాడు. నేను రోలాలో దారాల కొట్టుకు పోయి గట్టి నల్లతాడు తెచ్చాను. కంపెనీ ఇచ్చిన ఉన్ని చేతితొడుగు ఒకటి చిరిగి ఉంటే దాని బొటనవేలు కత్తిరించాను. కొలిచి కుట్టినట్టు పెన్ను అందులో కూర్చుంది. దాన్ని మొలతాడుకు బిగించి, పొట్టకు ఆనేలా పెట్టి, ఆయనను వంగమన్నాను, లేవమన్నాను, మంచం మీంచి దూకమన్నాను. పెన్ను కదల్లేదు.

"మరి దీన్ని ఎట్ల తియ్యాల్నే? కోటు ఇప్పి, అంగి ఎత్తి, అందరి ముంగట?" అన్నాడాయన.

"ఎత్తు. కోళ్ళే గదా జూసేది."

"ముదీర్ గూడ వస్తడు."

"ముదీర్‌కు పొట్ట లేదా?" అన్నాను.

ఓడ వచ్చిన రోజు నాకు పొయ్యి ముట్టించబుద్ధి కాలేదు. కోపమంతా పోయి భయం మిగిలింది. మంచం కింద నా పెట్టె కనపడుతుంటే దానికి అడ్డంగా దుప్పటి లాగాను. సాయంత్రం ఆయన వచ్చి "అయిపోయింది" అని మాత్రం అని స్నానానికి పోయాడు. ఏది అయిపోయింది? ఓడ పనా, ఉద్యోగమా? వెనకే చేపల సంచీ ఇవ్వడానికి వచ్చిన వ్యాను అబ్బాయిని అక్కడే నిలబెట్టి అడిగాను.

"ఏం కాలేదు వదినా, నువ్వు కూర్చో. చెకర్ ఇంకా అన్నే" అన్నాడు.

అతను ఆ రోజు సాయానికి ఫ్రీజర్ తలుపు దగ్గరే ఉన్నాడట. ముదీర్ స్వయంగా లోపలికి వచ్చి కార్డులన్నీ చూశాడు. ఒక్క అంకె కూడా చెదరలేదు. చివరి కార్డుమీద సంతకం పెట్టబోతే, ఆయనగారి ఖరీదైన పెన్ను కోటుజేబులో గడ్డకట్టుకుని ఉంది. మా ఆయన కోటు గుండీలు విప్పి, అంగీ ఎత్తి, పొట్ట దగ్గరనుంచి పెన్ను తీసి ఇచ్చాడు. ముదీర్ ముందు అదిరిపడ్డాడట. తరవాత ఆ వెచ్చటి పెన్నును రెండు చేతులతో పట్టుకుని పడీపడీ నవ్వాడట.

"అప్పుడు అడిగినాడు వదినా, ఈ పనికోసం ఇంత అవస్థ ఎందుకయ్యా, లోడింగులో ఓవర్‌టైంతో నీకు ఇంతే వస్తుంది గదా అని. అన్న ఏం చెప్పినాడో తెలుసా?"

"ఏం జెప్పిండు తమ్మీ?"

"మేరీ ఘర్‌వాలీ ఇధర్ రహనా సాబ్, అన్నాడు. నా పెళ్ళాం ఇక్కడే ఉండాల, ఆమె లేకుండా ఉండింది చాలు, అని."

అబ్బాయి వెళ్ళిపోయాడు. నేను కూర్చున్నచోటే ఉండిపోయాను. ఆయన తువ్వాలు చుట్టుకుని వచ్చి నా ముఖం చూశాడు.

"ఏందే, ఏడుస్తున్నవా?"

"ముదీర్‌తోని ఏమన్నవ్?"

"ఏమంట? లెక్క జెప్పిన" అన్నాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు.

నేను రెట్టించలేదు. అంత పెద్దమనిషి ముందు, ఆ చలిలో, అంగీ ఎత్తుకుని నిలబడి నాకోసం అన్న మాట. నా ముందు అనకపోతే మాత్రం ఏం?