గేటు ముందు ఇడ్లీ అంగడి

పుంగనూరులో మా వీధి ఏటవాలుగా ఉంటుంది. పైకొసన సరస్వతమ్మ ఇడ్లీ అంగడి. తంబళ్లపల్లె నుంచి కోడలిగా వచ్చిన మనిషి. భర్త పోయాక ఆ కట్టెల పొయ్యి మీదే కూతురు సుష్మను నర్సు చదివించింది. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. చట్నీ అడిగినంత వేస్తుంది.

ఆమె బాధంతా నీళ్లతోనే. పొద్దున్నే మునిసిపాలిటీ వాళ్లు నీళ్లు వదిలితే అవి ఆమె దాకా ఎక్కేవి కావు. ఎక్కువ పడాలని కింది ఇళ్లవాళ్లు గుంతలు తవ్వి, కొళాయిలను నేలకంటే లోతుకు దించుకున్నారు. ఒకరు మూరెడు తవ్వితే పక్కవాళ్లు రెండు మూరలు. అందరికంటే లోతు గుంత బట్టలకొట్టు నారాయణస్వామిది. దిగి పట్టుకోవడానికి మెట్లు కూడా కట్టించాడు మహానుభావుడు!

బిందెలు మోసి మోసి సరస్వతమ్మ నడుము పోయింది. ఇక అంగడి మూసేస్తుందనే అనుకున్నాం. మూయలేదు. ఒకరోజు తెల్లవారేసరికి పొయ్యి, గిన్నెలు, బెంచీలు దించి నారాయణస్వామి గేటు ముందు పెట్టేసింది.

"ఇదేందమ్మా, ఈడ పెట్టినావు?" అని ఆయన లబోదిబోమన్నాడు.

"నీళ్లు ఈడుండాయి కదప్పా. అంగడి ఆడుంటే ఎట్ల జరుగుతాది?" అంటూ ఆయన గుంతలోనే బిందె పెట్టింది.

మదనపల్లె బస్సుకు పోయేవాళ్లు, పాలవాళ్లు, అందరూ గేటుకు అడ్డంగా నిలబడి తిన్నారు. పొగ ఇంట్లోకి, ఎంగిలాకులు వాకిట్లోకి. ఆయన స్కూటరు బయటికి తీసే దారి లేదు. జరగమంటే, "ఈ ప్లేటు తినేసి జరుగుతామప్పా" అనేవాళ్లు.

వారం తిరక్కుండానే నారాయణస్వామి మట్టి తోలించి గుంత పూడ్పించాడు. తన నీళ్లు పక్కవాళ్ల గుంతల్లోకి పోతుంటే మాత్రం ఓర్చుకోలేకపోయాడు. "నేను పూడ్సినాను, మీకేం రోగం?" అని ఇంటింటికీ వెళ్లి పోట్లాడాడు. అట్లా వీధి మొత్తం కొళాయిలు నేల మీదికి లేచాయి.

మర్నాడు సరస్వతమ్మ అంగడిని మళ్లీ పైకొసకు చేర్చి తన కొళాయి తిప్పింది. బుస్సుమని గాలి, తర్వాత ఎర్రనీళ్లు, ఆ తర్వాత తెల్లటి ధార. వీధంతా ఈలలు వేసింది.

ఆ పొద్దే నారాయణస్వామి ఆయాసపడుతూ వీధి ఎక్కి వచ్చాడు. ఆ వారమంతా తిట్టుకుంటూనే గేటు ముందు తిన్న ఇడ్లీలకు నాలుక అలవాటు పడిపోయింది పాపం. ప్లేటు అందుకోబోతే సరస్వతమ్మ ఆపి, నిండు చెంబు ముందు పెట్టింది.

"ముందు చేతులు కడుక్కోప్పా. బాగా కడుక్కో. మా కొళాయి నీళ్లే."