ఎదురు కుర్చీ

పై అంతస్తు ఆంటీ పోయారు. గురువారం పొద్దున వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "అమ్మ గుండె ఆగిపోయింది" అని చెప్పింది. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంకా పన్నెండు రోజుల్లో కోర్టులో ట్రయల్.

అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలోని మా అపార్ట్‌మెంట్లలో ఆమె చేతి పప్పుచారు తినని స్టూడెంట్ లేరు. నేను మాస్టర్స్ చేస్తూ కింది ఫ్లాట్‌లో ఉండేదాన్ని. "తిన్నావా అమ్మాయ్?" అని అడిగేవారు. తిన్నానంటే నమ్మేవారు కాదు, ఏదీ గిన్నె చూపించమనేవారు.

ఆమె పక్క ఫ్లాట్‌లోని పెద్దమనిషి భార్యను కొట్టేవాడు. ఆ అరుపులు బిల్డింగంతా వినిపించేవి. కానీ మా అందరికీ ఉద్యోగాల రిఫరల్స్ ఇచ్చేది అతనే, గుడికి కార్‌లో తీసుకెళ్ళేదీ అతనే. అందుకని ఎవరికీ ఏమీ వినపడేది కాదు. ఒక మధ్యాహ్నం ఆంటీ ఒక్కరే వెళ్ళి తలుపు కొట్టారు. అతను బయటికొచ్చి ఆమెను మెట్ల మీది నుంచి తోసేశాడు. మణికట్టు విరిగింది. పోలీసు వస్తే ఆంటీ జరిగిందంతా తెలుగులో చెప్పారు, నేను ఆ మాటలనే ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పాను. అతని భార్య ఆ వారమే ఇండియా వెళ్ళిపోయి, మళ్ళీ ఎవరి ఫోనూ ఎత్తలేదు. ఇంకెవరూ చూడలేదు. కేసంతా ఆంటీ మాట మీదే నిలబడింది.

అతను ఆంటీ దగ్గరికి రాకూడదని, ఆమెతో మాట్లాడకూడదని జడ్జి ఆర్డర్ ఇచ్చాడు. అతను రాలేదు. స్వీట్ బాక్సులు పట్టుకుని మనవాళ్ళు వచ్చారు. "మనలో మనకి కోర్టులేంటి ఆంటీ, ఆయన వీసా పోతుంది." చేతి కట్టు ఎప్పుడు విప్పుతారని ఒక్కరూ అడగలేదు. వాళ్ళ మొహాలన్నీ నాకు గుర్తున్నాయి, మర్చిపోయే ఉద్దేశం కూడా లేదు.

"చెప్పేదేదో అతని ముందే చెప్తానండీ. వెనకాల చెప్తే చాడీ అయిపోతుంది" అనేవారు ఆంటీ.

ట్రయల్ మూడుసార్లు వాయిదా పడింది. ప్రతిసారీ అదే నేత చీర ఇస్త్రీ చేసుకునేవారు. కిచెన్‌లో కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టి, తను ఎదురుగా సింక్ పక్కన నిలబడేవారు.

"నువ్వు అతని లాయర్‌వి. అడుగు. జాలి పడకు."

"చెప్పు జారి పడ్డారేమో?"

"కంగారులో చెప్పులే వేసుకోలేదు బాబూ. ఇక్కడే, గుమ్మం దగ్గరే ఉన్నాయి."

అలా ఎన్ని అడిగినా విసుక్కునేవారు కాదు. "అడిగే హక్కు అతనికుంది, అడగనీ" అనేవారు.

ప్రాసిక్యూటర్ ఆఫీస్‌లో బాధితులకు సాయం చేసే ఆవిడ ఒకసారి ఫోన్ చేసి, ఆంటీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది. గుండె సరిగ్గా పంప్ చేయడం లేదని డాక్టర్ చెప్పిన నెల అది. ఆంటీ నా చెయ్యి నొక్కారు. "బాగున్నానని చెప్పు. జబ్బు మనిషంటే సాక్ష్యానికి పిలవరేమో." మన ఇళ్ళల్లో ఎవరడిగినా ఇచ్చే జవాబు అదొక్కటే. అన్నీ తెలిసి నేను "షీ ఈజ్ ఫైన్" అన్నాను.

ఆమె పోయాక ప్రాసిక్యూటర్ విషయం చెప్పాడు. అతని లాయర్‌కి ఆంటీని ప్రశ్నలడిగే అవకాశం ఒక్కసారీ రాలేదు కాబట్టి, పోలీసుకు ఆమె చెప్పింది ట్రయల్‌లో పనికిరాదట. జబ్బు సంగతి ముందే తెలిసుంటే జడ్జిని అడిగి, అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి, లాయర్‌తో ప్రశ్నలు అడిగించి, ఆమె సాక్ష్యం వీడియో తీసేవాళ్ళట. కేసు కొట్టేశారు.

ఆ రూల్‌ని తిడదామనుకున్నాను. ఆంటీ ఒప్పుకోరు. మొహం మీదే చెప్పాలన్నది ఆమే కదా. ఇక తిట్టడానికి ఆ వాయిదాలు, ఆ స్వీట్ బాక్సులు, నా నోరు మిగిలాయి.

మాసికం భోజనాలకు ఆంటీ ఇంటికి అతను వచ్చాడు. కేసుతో పాటే ఆర్డరూ పోయింది. ఎవరో మర్యాదగా కిచెన్‌లోకి తీసుకొచ్చి, ఆ కుర్చీలోనే కూర్చోబెట్టారు.

"బాగున్నావా అమ్మా?" అన్నాడు నాతో.

"బాగాలేను" అన్నాను.

సింక్ పక్కన, ఆంటీ నిలబడే చోట నిలబడి, అతను తల దించుకునేదాకా చూస్తూనే ఉన్నాను. గుమ్మం దగ్గర ఇంకా ఎవరూ తీయని ఆమె చెప్పులున్నాయి. లోపలికి వచ్చేటప్పుడు వాటిని పక్కకి నెట్టి అతను తన బూట్లు విడిచాడు.